ఆడవాళ్ళ వైపు ఏడున్నర

"ఆడోళ్ళ బాత్రూముకు ఏడున్నర ఎయ్యి" అన్నాడు మా ఆయన ఉపేందర్, పప్పన్నంలో నెయ్యి కలుపుకుంటూ.

మగవాళ్ళదానికి పదికి ఎనిమిది. అది ఆయన కళ్ళతో చూసొచ్చింది. ఆడవాళ్ళ వైపు తొంగి చూసే వీలు లేదు కాబట్టి అరమార్కు తగ్గించి వేస్తే నిజంలా కనబడుతుందని ఆయన ఉపాయం. ఎందుకు తగ్గించారని అడిగితే ఏం రాయాలన్నాను. "అద్దం ముంగట లైను కడ్తరని రాయి. అది ఏడనైనా నిజమే గద" అన్నాడు. ముద్ద నోట్లో పెట్టుకోబోతున్న మా అత్తమ్మ కిష్టమ్మ కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, కంచాలు తీసి, గిన్నెలు తోమి, చేతులు కొంగుకు తుడుచుకుని, కంప్యూటరు ముందు కూర్చుని అదే మాటను ఇంకాస్త మర్యాదైన ఇంగ్లీషులో రాశాను.

ఆయన ఉద్యోగం అది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు పై అంతస్తులో రెండు గదుల సర్వే ఆఫీసు. యజమాని శ్రీకర్‌గారు తెనాలి వైపు మనిషి. క్రెడిట్ కార్డులిచ్చే ఒక బ్యాంకు తన ఖాతాదారులకు విమానాశ్రయాల్లో లాంజ్‌లు ఉచితంగా ఇస్తుంది. లాంజ్ అంటే డబ్బున్నవాళ్ళు విమానం వచ్చేదాకా మెత్తటి సోఫాల్లో కూర్చుని, తిన్నంత తినే గది. ఏ టెర్మినల్ బాగుంది, ఏ లాంజ్ బాగుంది, దేనికన్నా ఏది మేలు అని పోల్చి చెప్పడానికి శ్రీకర్‌గారు మనుషుల్ని పంపుతారు. వాళ్ళు మామూలు ప్రయాణికుల్లాగే పోయి, కూర్చుని, తిని, చూసి రావాలి. తామెవరో బయటపడకూడదు. బయటపడితే ఆ సర్వే చెల్లదు. ఏ విమానాశ్రయమో బయట అనకూడదని కూడా షరతు ఉంది, అందుకే ఇక్కడ పేరు రాయడం లేదు.

చూసొచ్చేది ఆయన, రాసేది నేను. ఆయన దగ్గర ఉన్నవి మూడే మాటలు: మస్తుంది, నడుస్తది, కరాబుంది. సోఫాలు మస్తున్నయి అంటే నేను ఆసనాల మధ్య ఎడం ఎంత ఉదారంగా ఉందో, ఆ వెలుతురు అలసిన కళ్ళకు ఎంత హాయిగా ఉందో రాస్తాను. నల్గొండలో ఇంగ్లీషు సాహిత్యం తీసుకుని డిగ్రీ చదివాను లెండి. అది ఇట్లా సోఫాల పాలైంది. విమానం మాత్రం అప్పటికి ఎక్కి ఎరగను. అల్మాస్‌గూడలో మా డాబా మీద మిరపకాయలు ఎండబోస్తుంటే నాదర్‌గుల్ నుంచి లేచిన చిన్న విమానాలు నెత్తిమీద చక్కర్లు కొట్టేవి. నడపడం నేర్చుకునే పిల్లలవి. వాటి కింద నిలబడి, పెద్ద పెద్ద టెర్మినళ్ళలో కాళ్ళకింద పరిచిన తివాచీ మెత్తదనానికి మాటలు వెతుక్కునేదాన్ని.

మాది పోచంపల్లి పక్క ఊరు. మా అమ్మ ఆసు పోసేది. చీర నేసే ముందు నూలును కొయ్యమేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి సిద్ధం చెయ్యాలి, ఒక్క చీరకే వేలసార్లు చెయ్యి ఆడాలి. పొద్దుగూకేసరికి అమ్మ భుజం పైకి లేచేది కాదు, జడ నేనే వేసేదాన్ని. కొనేవాళ్ళొచ్చి ఎవరు నేసింది అనడిగితే నాయిన పేరు చెప్పేది అమ్మ. నవ్వుతూ, గర్వంగా చెప్పేది. అందుకని ఉపేందర్ పేరు మీద నేను రాయడం నాకు మొదట్లో వింతగా అనిపించలేదు.

ఒకసారి శ్రీకర్‌గారు మా ఇంటికొచ్చారు. టీ ఇచ్చాను. "మీ ఆయన ఇంగ్లీషు ఎంత బావుంటుందో తెలుసా అమ్మా! చదువుతుంటే మనమే వెళ్ళి కూర్చున్నట్టుంటుంది" అన్నారు. నేను బిస్కెట్ల ప్లేటు ఆయన ముందుకు జరిపాను. ఉపేందర్ నేల చూసి, "ఏదోనండి, అలవాటైపోయిందండి" అన్నాడు. శ్రీకర్‌గారి ముందు మా ఆయనకు అండీలు మొలుస్తాయి. సాయంత్రం అదే మనిషి ఎల్‌బీ నగర్ చౌరస్తాలో తెలంగాణ ధూంధాం పాటల వేదిక దగ్గర నిలబడి మన భాష, మన యాస అని గొంతు చించుకుంటాడు. దానికి ఆయన్ని నేనెప్పుడూ ఎగతాళి చెయ్యలేదు. బతకడానికి ఒక నాలుక, బతికినట్టు అనిపించడానికి ఇంకో నాలుక కావాల్సి వచ్చిన కాలం అది. శ్రీకర్‌గారు వెళ్ళిపోయాక ఒక్కమాట అన్నాను, ఆ పొగడ్తలో సగమన్నా నాది కదా అని. "ఇంట్ల మనిషివి, నీకు నాకు లెక్కలేంది?" అన్నాడు. అడిగినందుకు నాకే సిగ్గేసింది.

ఎక్కడ చిక్కొచ్చిందంటే, బ్యాంకులో ఎవరో ఒకావిడ పాత నివేదికలన్నీ ముందేసుకుని చూసిందట. ఏ ఊళ్ళో అయినా, ఏ టెర్మినల్లో అయినా ఆడవాళ్ళ వైపు మగవాళ్ళ వైపుకన్నా సరిగ్గా అరమార్కు తక్కువ. ఈసారి ఆడమనిషిని పంపకపోతే పని వేరేవాళ్ళకిస్తామంది. బయటి మనిషిని పెడితే ఇంట్లో రాస్తున్న సంగతి బయటపడుతుందని మా ఆయన భయం. మా మిసెస్‌ని తీసుకుపోతానండి అన్నాడట. ఇంగ్లీషు వచ్చా అని శ్రీకర్‌గారు అడిగితే "అర్థమవుతుందండి" అన్నాడట. ఆ ముక్క ఇంటికొచ్చి నాకే చెప్పి పగలబడి నవ్వాడు. ఈసారి నేను నవ్వలేదు గానీ, కోపం కూడా రాలేదు. విమానం ఎక్కబోతున్నాను. అంతకన్నా, నా కళ్ళతో చూసి రాయబోతున్నాను. ఒక్క సోఫానన్నా ముట్టుకుని రాయాలని ఎన్నాళ్ళనుంచో ఉంది.

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సుల్లేవు, బడులు మూశారు, కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియదు. మా చిన్న పాపను అత్తమ్మ దగ్గర వదిలి, దారిలో ఆపకుండా కారుకు ఉద్యమం జెండా కట్టించి బయల్దేరాం. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రోడ్డుకడ్డంగా వంటావార్పు. పెద్ద పెద్ద గుండిగల కింద పొగ. మా వాడకట్టు సైదమ్మక్క గరిటె పట్టుకుని చెమటలు కక్కుతోంది. మగవాళ్ళు మైకులో ఉన్నారు. కారాపి, యాడికి పోతున్నవే అంది. ఢిల్లీ అనో బొంబాయి అనో చెప్పకూడదు కాబట్టి, పనుందక్కా అన్నాను. "పోయి రా బిడ్డా. రాష్ట్రమొచ్చినా గరిటె మనకే ఉంటది, ఏడికి పోదు" అని నవ్వి, రెండు పులిహోర పొట్లాలు కిటికీలోంచి ఒళ్ళో పడేసింది.

కారులో ఉపేందర్ మళ్ళీ చెప్పాడు. లాంజ్‌లోకి విడివిడిగా పోవాలి. పలకరించుకోవద్దు. ఆడవాళ్ళ వైపు చూసి, పసిపిల్లల గది ఫొటో తీసుకురావాలి. ఎవరైనా పట్టుకుంటే చూపడానికి సర్వే ఆఫీసు ఇచ్చిన కార్డు ఒకటుంది. అది ఆయన పేరు మీద, ఆయన జేబులో ఉంది. కార్డు చూపితే మనుషులు గౌరవంగా వదిలేస్తారు గానీ ఆ సర్వే మాత్రం లెక్కలోకి రాదు. అందుకని అది ప్రాణం మీదికొస్తేనే తియ్యాలి.

పోయేటప్పుడు విమానంలో నాకు కిటికీ పక్క సీటు దొరకలేదు. మేము దిగింది పాత టెర్మినల్లో. కప్పు చేతికందేటట్టుంది, గోడలకు చెమ్మ, ఎక్కడ చూసినా జనం. నేను రాసిన పాత నివేదికలో దీనికి అన్నీ తక్కువ మార్కులే. కానీ అక్కడ ఒక పిల్లతల్లి కుర్చీని గోడవైపు తిప్పుకుని బిడ్డకు పాలిస్తోంది. పక్కనున్న ముసలామె అడగకుండానే కొంగు అడ్డం పట్టింది. అక్కడి లాంజ్‌లో సోఫా చిరిగింది, ఆడవాళ్ళ గదిలో ఒక తలుపుకు గడియ లేదు. కానీ లోపల ఒక కుర్చీ ఉంది, కుర్చీలో ఊడ్చే ఆవిడ కూర్చుని ఉంది. గడియ లేని తలుపును ఆవిడే కాలితో ఆపి పట్టింది, నేను బయటికొచ్చేదాకా. దీన్ని ఏ గడిలో రాయాలా అని నడుస్తున్నంతసేపూ ఆలోచించాను. ఉపేందర్ పది అడుగుల ముందు నడుస్తున్నాడు, నాకెవరూ కానట్టు. ఆట లాగా అనిపించి ముసిముసిగా నవ్వుకున్నాను కూడా.

కొత్త టెర్మినల్ అద్దాల ఊరు. నడిచీ నడిచీ మడమలు లాగాయి. లాంజ్‌లో అడుగుపెడితే చల్లదనం, పూల వాసన. ఒక మూల కూర్చుని దిండు ఒళ్ళోకి తీసుకున్నాను. మా పోచంపల్లి డిజైనే, ఎర్రమీద తెల్లటి చుక్కలు, అంచుల్లో రంగు అలుక్కున్నట్టు. మా ఇళ్ళల్లో ఏ బట్ట చూసినా ముందు తిరగేస్తాం, నేసిందైతే బొమ్మ రెండు వైపులా ఉంటుంది. గలేబు అంచు కాస్త తిప్పాను. వెనక తెల్లగా ఉంది. మిషను మీద అచ్చు గుద్దింది. మళ్ళీ బొమ్మ వైపు పైకి పెట్టి, దాని పక్కన కూర్చున్నాను.

ఆడవాళ్ళ వైపు అద్దాలు దీపాలతో మెరుస్తున్నాయి. మడత పెట్టిన తువ్వాళ్ళు, గాజుగిన్నెలో గులాబీ రేకులు. చివర్న పసిబిడ్డ బొమ్మ ఉన్న తలుపు తీశాను. లోపల తుడుపుకర్రలు, ఫినాయిల్ డబ్బాలు, అట్టపెట్టెలు. వాటి మధ్య బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఒకామె రొట్టె తింటోంది. నన్ను చూసి ఉలిక్కిపడి లేచి, డబ్బా వెనక్కి దాచుకుంది. తినమని చేత్తో సైగ చేసి తలుపు మూశాను. ఆమె ఫొటోలో పడితే ఆమె కొలువు పోతుంది. ఆమె తిని, మూతి కడుక్కుని, బయటికి పోయేదాకా అద్దం ముందు జడ విప్పి వేసుకుంటూ నిలబడ్డాను. తరవాత తలుపు తెరిచి ఆ గదిని ఫొటో తీశాను. కెమెరా మెరిసింది. అదే సమయానికి వెనక తలుపు తీసుకుని వచ్చిన ఒకావిడ కెవ్వుమంది. ఆడవాళ్ళ బాత్రూములో ఇది ఫొటోలు తీస్తోంది అని.

తరవాతిదంతా ఎవరికో జరిగినట్టు గుర్తుంది. కాపలా అమ్మాయి నా రెక్క పట్టుకుని హాలు మధ్యకు తెచ్చింది. అందరి చెంచాలూ ఆగాయి. చేతిసంచి బల్ల మీద కుమ్మరించారు. దువ్వెన, గుడ్డముక్కల్లో చుట్టుకున్న ప్యాడ్, సైదమ్మక్క పులిహోర పొట్లం. పొట్లం విప్పి వాసన చూశారు. తిండి ఉచితంగా దొరికే చోటికి పొట్లం తెచ్చుకున్నదాన్ని చూసి ఎవరో కిచకిచ నవ్వారు. ఎవరి కోసం తీస్తున్నావు, ఎవరు పంపారు అని హిందీలో అడుగుతోంది సూపర్‌వైజరు. నాకు హిందీ వచ్చు, ఇంగ్లీషూ వచ్చు. ఆ నిమిషంలో ఏదీ రాలేదు.

ఉపేందర్ వైపు చూశాను. మూడు సోఫాల అవతల కూర్చుని ఉన్నాడు. చేతిలో పేపరు. ఆయన చొక్కా జేబులో ఆ కార్డు అంచు కనబడుతోంది. ఆ చొక్కా పొద్దున ఇస్త్రీ చేసింది నేనే, కార్డు జేబులో పెట్టింది కూడా నేనే. నా చూపు ఎటు పోయిందో కాపలా అమ్మాయి పసిగట్టింది. ఆయన దగ్గరికి పోయి, ఈమె మీ మనిషా అని అడిగింది.

ఆయన పేపరు దించాడు. నన్ను కింద నుంచి పైదాకా చూశాడు, అంగట్లో బేరం కుదరని చీరను చూసినట్టు. ఇంగ్లీషులో, నేను ఆయనకు నేర్పిన ఉచ్చారణతోనే, నేను ఒంటరిగా వచ్చాను, తోడు ఎవరూ లేరు అన్నాడు. పేపరు మళ్ళీ పైకి లేచింది. నా టికెట్టు మీద ఇంకా మా పుట్టింటి పేరే ఉంది, ఎవరికీ అనుమానం రాలేదు.

మళ్ళీ నన్నడిగారు. నేనూ ఒక్కదాన్నే అన్నాను. తప్పయిపోయింది, ముచ్చటపడి తీశాను, పల్లెటూరిదాన్ని అన్నాను. రెండు చేతులూ జోడించాను. కెమెరాలోంచి ఫొటోలన్నీ చెరిపేసి, తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ చేతిసంచులు దగ్గరికి లాక్కుంటూ పోయారు. ఒంటికి ఏదో పూసినట్టనిపించింది, చెమట కాదు, ఏదో మురికి. ఆ బకెట్ మీద రొట్టె తిన్న ఆమె తుడుపుకర్రతో నా ముందునుంచే పోయింది. నా మొహం చూడలేదు. నేనూ ఆమె మొహం చూడలేదు. అక్కడ కూర్చున్నంతసేపూ నేను ఏం ఆలోచించానో చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. పాపం ఆయన ఎంత ఇబ్బంది పడుతున్నాడో అనుకున్నాను. నా వల్ల ఆయన పని చెడకూడదని అనుకున్నాను. ఆయన లేచి ప్లేట్లో కేకు పెట్టించుకుంటుంటే చూసి, ఎంత బాగా నటిస్తున్నాడు అని కూడా అనుకున్నాను.

తిరుగు విమానంలో పక్కపక్కనే కూర్చున్నాం. తలుపులు మూశాక ఆయన నా మోచెయ్యి తట్టాడు.

"మంచిగ సంభాళించినవ్. నేను లేచొస్తే మొత్తం కరాబయ్యేది" అన్నాడు.

"జేబుల కార్డుండె గద" అన్నాను.

"కార్డు తీస్తే సర్వే పోతది. నిన్నేమన్న జైల్ల ఏస్తరా? ఆడమనిషివని ఇడిచిపెడ్తరని నాకెరుక." లాంజ్ నుంచి కాగితంలో చుట్టి తెచ్చిన శాండ్‌విచ్ నా చేతిలో పెట్టాడు. "తిను. అమ్మకు చెప్పకు, పరేషాన్ అయితది."

కిటికీలోంచి చూశాను. మబ్బులు కింద ఉన్నాయి. ఎన్నేళ్ళుగానో చూడాలనుకున్న మబ్బులు. వాటిని చూడటానికి కూడా మొహం చెల్లలేదు.

మర్నాడు మధ్యాహ్నం రెండుకు కరెంటొచ్చింది. అప్పటికి అన్నం కూర అయిపోయి, విడిచిన బట్టలుతికి, ఆయన చొక్కా ఆరేసి ఉన్నాను. ఆయన చౌరస్తాకు పోతూ చెప్పులేసుకుంటూ అన్నాడు, ఈసారి ఆడవాళ్ళ వైపు ధైర్యంగా ఎనిమిది వెయ్యి, నువ్వే చూసొచ్చినవ్ గద, పాత టెర్మినల్‌కు ఆరు చాలు, ఆ లొల్లి సంగతి ఎత్తకు అని. సాయంత్రానికి శ్రీకర్‌గారికి పోవాలన్నాడు.

బియ్యంలో రాళ్ళేరుతున్న అత్తమ్మ విమానం ఎట్లుండెనే అని అడిగింది. బాగుండె అన్నాను. ఆమె చేట ఆపి నా మొహంలోకి చూసింది. రాత్రి నుంచి నేను ఎవరి కళ్ళల్లోకీ చూడటం లేదని ఆమెకు తెలిసినట్టుంది. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి ఆ దిండు సంగతి చెప్పాను. మన డిజైనే అత్తమ్మా, తిప్పితే వెనక తెల్లగ ఉండె అన్నాను.

"అచ్చు గుద్దిన బట్ట అట్లనే ఉంటది" అంది అత్తమ్మ. "తిరగేసి చూసేటోళ్ళు రారని ధీమా."

కంప్యూటరు ముందు కూర్చున్నాను. పాత టెర్మినల్, కొత్త టెర్మినల్, రెండు లాంజ్‌లు, పోల్చి రాయాలి. సోఫాల గురించి, వెలుతురు గురించి, నడవాల్సిన దూరం గురించి రాశాను. ఇన్నేళ్ళలో మొదటిసారి వెతుక్కోకుండా మాటలొచ్చాయి. పాత లాంజ్‌లో గడియ లేదనీ, తలుపు పట్టుకున్న మనిషి ఉందనీ, ఆమెకు కుర్చీ ఉందనీ రాశాను. కొత్త లాంజ్‌లో పసిబిడ్డ బొమ్మ వెనక తుడుపుకర్రలున్నాయని రాశాను. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు కూర్చోవడానికి చోటు లేదని రాశాను గానీ, రొట్టె సంగతి రాయలేదు. ఆడమనిషిని హాలు మధ్యలో నిలబెట్టి సంచి కుమ్మరించారని రాశాను, దువ్వెన దగ్గర్నుంచి ప్యాడ్ దాకా. మధ్యలో ఆగి, లేచి, నీళ్ళు తాగి వచ్చి రాశాను. సర్వే మనిషి పట్టుబడితే చూపాల్సిన కార్డు ఆ గదిలోనే ఉందనీ, ఎవరూ తియ్యలేదనీ రాశాను. ఇది చదివితే సర్వే చెల్లదు. బ్యాంకు పని పోవచ్చు. ఆయన ఉద్యోగం మాటా చెప్పలేను. మాకున్న ఆధారం అదొక్కటే. ఆ భయంతోనే ఆడవాళ్ళ వైపు మార్కులు వేశాను. ఏడున్నర కాదు, ఎనిమిదీ కాదు.

కాలేజీ రోజుల్లో తెరిచిన ఈమెయిల్ ఒకటి నాకుంది, దాని పాస్‌వర్డు మరిచిపోలేదు. శ్రీకర్‌గారి అడ్రసు పెట్టాను. రాసినవారు అన్నచోట ఎప్పుడూ వచ్చే పేరు తీసేసి భూలక్ష్మి అని కొట్టాను. బయట అత్తమ్మ చేట చెరుగుతున్న చప్పుడు. ఇక మిగిలింది ఒక్క గడి. తోడుగా వచ్చినవారు.

ఎవరూ లేరు అని రాశాను. ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెట్టడం నాకు ఏళ్ళనాటి అలవాటే కదా.